నాయన బీపీ, నా నడుము కొలత

అనంతపురంలో రక్తదానానికి పోతే చేతికి పట్టీ చుట్టి, బీపీ 152/98 ఉందని వెనక్కి పంపినారు. పై అంకె 140, కింది అంకె 90 దాటితే రక్తం తీసుకోరు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. నాయనకు నలభై లోపే బీపీ, అవ్వకు పక్షవాతం. ‘మన వంశంలో ఉండేదే కదా’ అని ఇంట్లో తేల్చేసినారు.

అందులో సగమే నిజం. వంశంతో వచ్చేది బీపీ తొందరగా వచ్చే గుణం. పొట్ట పెరిగితే అది ముందే బయటపడుతుంది. లోపలి కొవ్వు కిడ్నీలను ఒత్తుతుంది, అవి ఉప్పును బయటికి వదలకుండా పట్టుకుంటాయి. నా ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 30 పైనే. మనవాళ్లకు 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. నాది 102. ప్యాంటు సైజును నమ్మితే మోసమే, దాన్ని పొట్ట కింద కడతాం కదా. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన టేపు పెట్టి, ఊపిరి వదిలినాక చూడాల.

ఒక్కసారి చూసి మాత్ర రాయలేదు డాక్టరు. వారం రోజులు ఇంట్లో చూడమన్నాడు: పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం ఎడంతో. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్టు వద్దు. మూత్రానికి పోయొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాల. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాల, మాట్లాడకూడదు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీస్తారు. ఇంట్లో 135/85 దాటితే బీపీ ఉన్నట్టే. నేను తప్పిందొకటే, పట్టీ. మామూలు పట్టీ 32 సెంటీమీటర్ల చుట్టుకొలత దాకానే, నా దండచెయ్యి 35. పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీతో సగటు 146/94 వచ్చింది.

వయసు చిన్నదని క్రియాటినిన్, పొటాషియం, థైరాయిడ్, షుగర్, మూత్రంలో ప్రొటీన్, ఈసీజీ చేయించినారు. కిడ్నీ జబ్బో, గ్రంథుల జబ్బో దీని వెనక దాగి ఉండొచ్చు. గురక కూడా కారణమేమోనని అడిగినారు. అన్నీ మామూలే.

ఉప్పు లెక్క మాత్రం ఇల్లంతా పట్టుకుంది. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. నలుగురికి కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాల. మా ఇంట్లో 24 రోజులకే అయిపోయేది, ఊరగాయల్లోది వేరే. ఉగ్గానిలోకి వాడే బొరుగులకు వేయించకముందే ఉప్పు పట్టిస్తారు. బజ్జీల పిండిలో ఉప్పుతో పాటు వంటసోడా, అదీ సోడియమే. ఊరిబిండి పచ్చడి మానలేదు గానీ, సంగటిలో ఉప్పు తీసేసినాం. రెండు వారాలు చప్పగా ఉండింది, తర్వాత నాలుకే సర్దుకుంది. ‘తక్కువ సోడియం’ ఉప్పు మాత్రం డాక్టరును అడక్కుండా కొనొద్దు. అందులో పొటాషియం ఉంటుంది. నాకిచ్చిన టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర కూడా పొటాషియంను పెంచుతుంది. ఈ మాత్ర గర్భిణులకు పనికిరాదు.

బరువు కిలో తగ్గితే పై అంకె సుమారు ఒక పాయింటు దిగుతుంది. వంట నూనె నెలకు మనిషికి అర లీటరుకు తెచ్చినాం. వేయించిన శనక్కాయలు పిడికెడే, వంద గ్రాములు 550 కేలరీలకు పైనే మరి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో వారానికి ఐదు రోజులు అర గంట వడివడి నడక. ఒకసారి నడుం నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటే బీపీ మళ్లీ పైకెక్కింది, ఆ రకం మాత్రలన్నిటికీ ఆ గుణం ఉంది.

ఎనిమిది నెలలకు 79 కిలోలు, నడుము 93, బీపీ 124/80. మాత్ర 40 మిల్లీగ్రాముల నుంచి 20కి తగ్గించింది డాక్టరే, నేను కాదు. మా తమ్మునికి ఇరవై నాలుగు, ఇప్పుడే 128/84. ఉప్పు ప్యాకెట్టు మీద తేదీ రాసేది వాడే.