సెయింట్ ఆండ్రూస్‌లో షాఫ్టుల వెంట

సెయింట్ ఆండ్రూస్‌కు వెళ్ళే గోల్ఫర్లలో ఎక్కువమంది, ఆ స్కాట్లండ్ ఊళ్ళోని పేరున్న గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్స్‌లో ఒక్క రౌండయినా ఆడాలనే ఆశతో వెళ్తారు. మావయ్యగారికీ నాకూ ఆ ఆశ లేకపోలేదు గానీ, మేము పెట్టుకున్న అసలు పని వేరు. మా ఇద్దరి బ్యాగుల్లో ఏ క్లబ్బుకు ఎలాంటి షాఫ్ట్ (పిడికీ తలకూ మధ్య ఉండే కడ్డీ) ఉండాలో అక్కడ తేల్చుకోవాలనుకున్నాం. ఎడిన్‌బరోలో మా ఆడపడుచు కాపురం ఉంది. జూన్‌లో ఆమె ఇంట్లో దిగి, రెండో రోజే రైలెక్కాం.

మావయ్యగారు విశాఖ ఓడరేవులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. డెబ్బై దాటాయి. నాకు గోల్ఫ్ నేర్పింది ఆయనే, ఈస్ట్ పాయింట్ క్లబ్బులో. ఆయన ఐరన్లన్నిటికీ, అంటే మధ్య దూరాలకు వాడే క్లబ్బులన్నిటికీ, డైనమిక్ గోల్డ్ ఎస్ 300 ఉక్కు షాఫ్టులు. కోయకముందు ఒక్కొక్కటి సుమారు 130 గ్రాములు తూగే గట్టి సరుకు అది. అన్నిటికంటే దూరం కొట్టే డ్రైవర్ కూడా ఎస్, అంటే స్టిఫ్, బిగువైనది. నా బ్యాగు దానికి పూర్తిగా ఎదురు. ఆడవాళ్ళ సెట్ అని ఒకేసారి కొన్నది కాబట్టి డ్రైవర్ నుంచి దగ్గరి షాట్లకు వాడే వెడ్జ్ దాకా అన్నిటి మీదా ఎల్ అన్న అక్షరమే, అంటే అన్నిటికంటే మెత్తనిది. ఆయన బ్యాగులో ఒక అక్షరం, నా బ్యాగులో ఇంకో అక్షరం. నలభై అయిదు అంగుళాల డ్రైవర్‌కూ ముప్పై అయిదు అంగుళాల వెడ్జ్‌కూ ఒకటే అక్షరం ఎలా సరిపోతుందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది.

రైలు ఫోర్త్ వంతెన మీదికి రాగానే మావయ్యగారు లేచి నిలబడ్డారు. 1890లో ప్రారంభమైన ఆ ఉక్కు వంతెన మీద ఇప్పటికీ రైళ్ళు నడుస్తున్నాయి. వంతెన దాటాక ఫైఫ్ తీరం వెంట సముద్రం కాసేపు పక్కనే వస్తుంది. తరువాత పొలాలు, కూపర్ ఊరు, ఆపైన లూకర్స్. సెయింట్ ఆండ్రూస్‌కు నేరుగా వెళ్ళే రైలుమార్గాన్ని 1969లో మూసేశారు. అందుకే లూకర్స్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. పావుగంటలో ఊరు వచ్చేస్తుంది.

ముందు గోల్ఫ్ మ్యూజియానికి వెళ్ళాం. ఒకప్పుడు గోల్ఫ్ నియమాలు నిర్ణయించిన ఆర్ అండ్ ఏ క్లబ్ భవనానికి ఎదురుగానే ఉంటుంది. వెండి కప్పులు, పాత ఫొటోలు చూసేవాళ్ళు చూస్తున్నారు. మేమిద్దరం మాత్రం కర్రల దగ్గరే చాలాసేపు నిలబడిపోయాం. ఒకప్పుడు ఇక్కడ షాఫ్టులను యాష్, హేజెల్ వంటి స్థానిక చెట్ల కలపతో చేసేవారు. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి హికరీ కలప ఓడల్లో రావడం మొదలయ్యాక అదే రాజ్యమేలింది. వంగుతుంది, సులువుగా విరగదు, దెబ్బకు తట్టుకుంటుంది. ఈ ఊరి క్లబ్బుల తయారీదారుల్లో రాబర్ట్ ఫోర్గన్ హికరీకి పేరు తెచ్చినవారిలో ఒకరు.

ఆ రోజుల్లో షాఫ్ట్ ఫ్లెక్స్‌ను, అంటే అది ఎంత వంగుతుందో, చెప్పే అచ్చు అక్షరమేదీ లేదు. పనివాడు కర్రను గీకి, చెక్కి, వంచి చూసి, ఆటగాడి చేతికిచ్చేవాడు. ఇంకా బిగువుగా ఉందంటే ఇంకొంచెం గీకేవాడు. మాషీకి ఒక కర్ర, నిబ్లిక్‌కు ఒక కర్ర, బ్రాసీకి ఇంకొకటి, ఈ పాతకాలపు క్లబ్బుల్లో వేటికవే విడిగా కుదుర్చుకోవాలి. మ్యూజియం నుంచి బయటికి వచ్చాక ఒక పాత క్లబ్బుల దుకాణంలో హికరీ మాషీని చేతికి తీసుకున్నాను. క్లబ్ తల పట్టుకుని మెలితిప్పితే కర్ర స్పష్టంగా మెలి తిరిగింది. అంత మెలిక ఉన్న కర్రను తొందరపడి ఊపితే బంతి ఎటు పోతుందో చెప్పలేం. పాతకాలపు ఆటగాళ్ళ స్వింగ్ అంత నిదానంగా, నిండుగా ఎందుకుండేదో ఆ ఒక్క మెలికతో నాకు తెలిసిపోయింది.

అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ 1930లో అప్పటి నాలుగు పెద్ద పోటీలనూ ఒకే ఏడాదిలో గెలిచింది ఇలాంటి హికరీ షాఫ్టులతోనే. ఆ నాలుగింటిలో బ్రిటిష్ అమెచూర్ ఈ ఊళ్ళోనే, ఓల్డ్ కోర్స్ మీద జరిగింది. ఆయన తన క్లబ్బులను ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా చేతి స్పర్శతోనే ఏరుకున్నారు. తరువాతి కాలంలో వాటిని పరీక్షిస్తే ఒక్కటి తప్ప అన్నీ ఒకదానితో ఒకటి చక్కగా సరిపోయాయని, ఆ ఒక్కటీ ఆయనను ఎప్పుడూ ఇబ్బంది పెట్టిన క్లబ్బేనని గోల్ఫ్ లోకంలో చెప్పుకుంటారు.

ఉక్కు షాఫ్టులకు ఆర్ అండ్ ఏ 1929లో అనుమతి ఇచ్చింది. అమెరికాలో అంతకు కొన్నేళ్ళ ముందే ఇచ్చేశారు. ఉక్కుతో మెలిక దాదాపు పోయింది, ఒకే రకం షాఫ్టులను వేలకొద్దీ తీయడం సాధ్యమైంది. క్లబ్బుల పాత పేర్లు పోయి అంకెలు వచ్చాయి, విడి క్లబ్బులు పోయి సెట్లు వచ్చాయి. సెట్ మొత్తానికి ఒకే ఫ్లెక్స్ అన్న అలవాటు అప్పుడే పాతుకుపోయిందని నా నమ్మకం. తయారీకి అది గొప్ప సౌకర్యం. ఆడేవాడి చేతులకు అంత సౌకర్యమని నేననుకోను.

మరునాడు ఉదయం క్లబ్బులను ఆటగాడికి తగ్గట్టు కుదిర్చే, ముందే మాట్లాడిపెట్టుకున్న ఫిట్టింగ్ స్టూడియోకు వెళ్ళాం. మమ్మల్ని చూసినాయన నెమ్మదస్తుడు. మొదట మా స్వింగ్ చూడలేదు, మా క్లబ్బులను చూశారు. గ్రిప్ చివరను బిగించి, తలను లాగి వదిలి, షాఫ్ట్ నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతోందో యంత్రం మీద చదివారు. గట్టి షాఫ్ట్ ఎక్కువసార్లు ఊగుతుంది, మెత్తనిది తక్కువసార్లు. ఆ తరువాత వేరువేరు కంపెనీల ఆర్ (రెగ్యులర్) షాఫ్టులు రెండు పక్కపక్కన పెట్టి అదే పరీక్ష చేసి చూపించారు. రెండింటికీ చాలా తేడా వచ్చింది. మెత్తనిదాని నుంచి గట్టిదాని దాకా వరుసగా ఉండే ఎల్, ఎ, ఆర్, ఎస్, ఎక్స్ అక్షరాలకు పరిశ్రమ మొత్తానికి ఉమ్మడి కొలత లేదు. ఒక కంపెనీ ఆర్ ఇంకో కంపెనీ ఎస్ అంత గట్టిగా ఉండవచ్చు. అందుకే అక్షరాన్ని దారి చూపే గుర్తుగానే తీసుకోవాలన్నారు.

డ్రైవర్ వేగాన్ని బట్టి ఒక మోటు లెక్క ఉంది. గంటకు 75 మైళ్ళ లోపు ఎల్, 75 నుంచి 85 దాకా ఎ, అక్కడి నుంచి 95 దాకా ఆర్, 105 దాకా ఎస్, ఆపైన ఎక్స్. నా డ్రైవర్ వేగం 81 దగ్గర తేలింది. మావయ్యగారిది 79. ఇంతకాలం ఎల్ షాఫ్టులు పట్టుకున్న నేను, ఎస్ షాఫ్టులు పట్టుకున్న ఆయన కంటే రెండు మైళ్ళు వేగంగా ఊపుతున్నాను! ఎల్ అంటే ఆడవాళ్ళు, ఎ అంటే ముసలివాళ్ళు అని దుకాణాల్లో అప్పగించేసే పద్ధతి మీద నాకు ఎప్పటి నుంచో కోపం ఉంది. పట్టుకున్నది ఎవరో షాఫ్ట్‌కు తెలియదు. దానికి తెలిసేది వేగం, బరువు, ఊపులోని లయ.

ఆ లయ దగ్గరే అసలు విషయం బయటపడింది. క్లబ్బును పైకి తీసుకెళ్ళి కిందికి మళ్ళించే క్షణంలో నేను ఒక్కసారిగా లాగుతాను. మావయ్యగారు పైన కాసేపు ఆగినట్టే ఉండి, మెల్లగా మొదలుపెడతారు. కిందికి దిగేటప్పుడు షాఫ్ట్ మొదట వెనక్కి వంగుతుంది, బంతిని తాకే ముందు తల ముందుకు దూకి షాఫ్ట్ ఎదురు దిశలో వంగుతుంది. ఆ చివరి వంపు బంతి లేచే ఎత్తును కొంత పెంచుతుంది, క్లబ్ ముఖాన్ని కొంత ఎడమకు తిప్పుతుంది. ఒక్కసారిగా లాగేవారి చేతిలో మెత్తని షాఫ్ట్ ఎక్కువ వంగుతుంది, ఒక్కో స్వింగ్‌కు ఒక్కోలా తిరిగొస్తుంది. నా ఎల్ డ్రైవర్‌తో బంతులు ఎత్తుగా లేచి, కొన్ని ఎడమకు, కొన్ని ఇంకా ఎడమకు పోయాయి. వేగం లెక్కన నాకు ఎ రావాలి. కానీ 55 గ్రాముల ఆర్ షాఫ్ట్ తొడిగాక బంతులన్నీ దగ్గర దగ్గరగా పడటం మొదలైంది. దూరం పెద్దగా పెరగలేదు. ఎటు పోతుందో ముందే తెలియడం నాకు దూరం కంటే విలువైనది.

మావయ్యగారికి 50 గ్రాముల ఎ షాఫ్ట్ ఇచ్చారు. రెండు బంతులు కొట్టి ఆగిపోయారు. తల ఎక్కడుందో ఇప్పుడు తెలుస్తోందన్నారు. తరువాత నా వైపు తిరిగి, "కావిడి బద్ద చూశావా అమ్మాయ్? మోసేవాడి నడకతో కలిసి ఊగితేనే బరువు తేలికవుతుంది. ఊగని బద్ద భుజాన్ని కోసేస్తుంది" అన్నారు. ఆ మాటను ఫిట్టింగ్ ఆయనకు వివరించి చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు.

డ్రైవర్ తేలాక మిగిలినవి సులువనుకున్నాను. కాలేదు. ఫెయిర్‌వే వుడ్ డ్రైవర్ కంటే పొట్టిది, నేల మీది బంతిని కొట్టాలి, అందుకని అదే ఆర్‌లో ఓ పది గ్రాములు బరువైనది తీసుకుంటే కింద తగలడం నిలకడగా ఉంటుందన్నారు. వుడ్‌కూ ఐరన్‌కూ మధ్యరకమైన హైబ్రిడ్ ఇంకా పొట్టిది కాబట్టి ఇంకా బరువు. క్లబ్ పొట్టిదయ్యే కొద్దీ షాఫ్ట్ బరువు మెట్లు మెట్లుగా పెరగాలి, ఒక్కసారిగా గెంతకూడదు. నా చేతులు వెంటనే గుర్తుపట్టింది ఫ్లెక్స్ తేడాను కాదు, ఈ బరువు మెట్లనే. ఎవరైనా నన్నడిగితే బరువు ముందు, ఫ్లెక్స్ తరువాత అనే చెబుతాను.

ఐరన్ల దగ్గర మావయ్యగారి పని చాలాసేపు పట్టింది. ఉక్కును వదలనన్నారు. ఆయన ఎస్ 300 సెవెన్ ఐరన్‌తో బంతి తక్కువ ఎత్తున పోయి గ్రీన్ మీద, అంటే రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, ఆగేలా లేదు. గ్రాఫైట్ ఎ షాఫ్ట్‌తో చక్కగా లేచింది గానీ ఆ తేలిక ఆయనకు నచ్చలేదు. చివరికి 95 గ్రాముల దగ్గర ఉండే తేలిక ఉక్కు, ఆర్ ఫ్లెక్స్ తొడిగారు. ఎత్తు వచ్చింది, చేతిలో ఉక్కూ మిగిలింది. ఆరు నుంచి తొమ్మిది దాకా అవే ఖాయం చేశాం. ఫైవ్ ఐరన్ బదులు ఎ ఫ్లెక్స్ గ్రాఫైట్ హైబ్రిడ్. నాకు మాత్రం ఐరన్లకు కూడా గ్రాఫైటే, ఆర్. మోచేతి నొప్పి ఉన్నవారికి గ్రాఫైట్ అదురును కొంత మింగేస్తుంది. అది నాకు అదనంగా కలిసొచ్చింది.

వెడ్జుల వంతు వచ్చేసరికి, మావయ్యగారి పాత వెడ్జుల్లోని బరువైన ఉక్కును ముట్టుకోవద్దన్నారు ఫిట్టింగ్ ఆయన. వెడ్జుతో నిండు స్వింగ్ చేసేది తక్కువ. సగం, ముప్పావు స్వింగులే ఎక్కువ. అక్కడ షాఫ్ట్‌ను వంచేంత వేగం ఉండదు. చేతులు తొందరపడకుండా ఆపేది బరువే. నా తేలిక ఎల్ వెడ్జులను మాత్రం తీసేసి, నూరు గ్రాముల పైనుండే ఉక్కు వేశారు, ఐరన్ల కంటే గట్టిది మాత్రం కాదు. మోచేయి ఊరుకుంటుందా అని అడిగాను. చిన్న స్వింగుకు ఏమీ కాదన్నారు, కాలేదు కూడా. వెడ్జుతో ఎప్పుడూ నిండుగా కొట్టేవారైతే ఐరన్ల షాఫ్టే వెడ్జుకూ పెట్టుకోవడం మంచిదట. 50 గజాల చిన్న షాట్లలో నాకు కనిపించిన తేడా డ్రైవర్‌లో కనిపించిన తేడా కంటే పెద్దది. జనం మాత్రం ఫిట్టింగ్ అంటే డ్రైవర్ ఒక్కటే చూపించుకుని వెళ్ళిపోతారట. డబ్బు పరిమితమైతే డ్రైవర్‌తో పాటు కనీసం ఒక వెడ్జయినా చూపించుకోవాలని నా సలహా.

ఆదివారం ఓల్డ్ కోర్స్ ఆటకు మూసి ఉంటుంది. ఊరివాళ్ళు కుక్కలతో, పిల్లలతో తిరుగుతారు. మేమూ స్విల్కన్ వంతెన దాటి రోడ్ హోల్ అనే పదిహేడో హోల్ దాకా నడిచాం. ఆ గ్రీన్ పక్కనున్న బంకర్ అనే ఇసుక గుంట ఫొటోల్లో కనిపించేదాని కంటే చాలా లోతు. శిథిలమైన కెథడ్రల్ ఆవరణలో తొలినాటి గోల్ఫ్ ఛాంపియన్లు ఓల్డ్ టామ్ మోరిస్, ఆయన కొడుకు యంగ్ టామ్ సమాధులున్నాయి. ఇరవై నాలుగేళ్ళకే, 1875లో, యంగ్ టామ్ పోయాడు. మావయ్యగారు టోపీ తీసి నిలబడ్డారు.

ఆడే అవకాశం కోసం తీసే లాటరీ, ఓల్డ్ కోర్స్ బ్యాలట్‌లో మా పేర్లు రాలేదు. ఈడెన్ కోర్స్‌లో మాత్రం సమయం దొరికింది. హారీ కోల్ట్ రూపొందించగా 1914లో తెరిచిన కోర్స్ అది. పక్కనే నది సముద్రంలో కలిసే చోటు. స్టూడియో వాళ్ళు మా కొత్త డ్రైవర్లను, తక్కినవాటికి ఎంచుకున్న వాటికి దగ్గరి షాఫ్టులున్న అరువు క్లబ్బులను ఇచ్చారు. పొద్దున పొగమంచు పట్టి, తొమ్మిదింటికి విడిపోయి, ఆపైన సముద్రం నుంచి గాలి లేచింది. విశాఖలో పెరిగిన మాకు సముద్రపు గాలి కొత్త కాదు గానీ, జూన్‌లో చలిగాలికి చేతులు బిగుసుకుపోవడం కొత్తే.

ఎదురుగాలిలో ఆర్ డ్రైవర్‌తో నా బంతి లేవాల్సిన దానికంటే ఎక్కువ లేస్తోందనిపించింది. గట్టి షాఫ్ట్ అయితే కిందుగా పోయేదేమోనన్న ఆలోచన వచ్చింది. మాతో పాటు ఆడిన స్థానికుడు ఒప్పుకోలేదు. గాలి కోసం షాఫ్ట్ మార్చడం మొదలుపెడితే గాలి లేని రోజున ఏం చేస్తారని అడిగారు. బంతిని కాళ్ళ మధ్య కొంచెం వెనక్కి పెట్టి, గ్రిప్‌ను రెండు అంగుళాలు కిందికి పట్టుకుని, నిదానంగా కొట్టమన్నారు. అలా పట్టుకుంటే క్లబ్ పొట్టిదవుతుంది, షాఫ్ట్ చేతిలో గట్టిపడినట్టే ఉంటుంది. తరువాతి హోల్‌లో బంతి గాలి కిందుగా దూసుకెళ్ళింది. మావయ్యగారు గ్రీన్‌కు ముప్పై గజాల నుంచి వెడ్జ్ తీయకుండా ఎయిట్ ఐరన్‌తో బంతిని నేల మీద దొర్లించారు. ఈ గట్టి నేల మీద అదే సరైన ఆట. తేలిక ఉక్కు సెవెన్ ఐరన్‌తో ఆయన కొట్టిన ఒక షాట్ గ్రీన్ మీద పడి ఆగింది. ఆయన చాలా ఏళ్ళుగా కొట్టని షాట్ అది.

తిరిగి వచ్చే ముందు స్టూడియోలో ఆర్డర్లు ఇచ్చాం. ఐరన్ షాఫ్టులను ఎక్కడ కోయాలో కూడా అక్కడే రాయించుకున్నాం. కింది కొన నుంచి కోస్తే షాఫ్ట్ గట్టిపడుతుంది, పై కొన నుంచి కోస్తే ముఖ్యంగా పొడవే తగ్గుతుంది. ఈ తేడా తెలియకుండా ఊళ్ళో ఎవరి చేతనైనా కోయిస్తే డబ్బంతా వృథా. తేలనిది నా త్రీ వుడ్ (ఫెయిర్‌వే వుడ్) ఒక్కటే. ఆర్ షాఫ్ట్ టీ (బంతిని నిలబెట్టే పుల్ల) మీద నుంచి బాగుంది, నేల మీద నుంచి ఎ షాఫ్ట్ ఇంకా బాగా లేచింది. తలకు షాఫ్టును ఊడదీసి మార్చుకునే అడాప్టర్ ఉంది కాబట్టి రెండు షాఫ్టులూ తెచ్చుకున్నాను. వానలు తగ్గాక ఈస్ట్ పాయింట్‌లో రెండింటినీ మార్చి మార్చి కొట్టి చూడాలి. టీ మీద నుంచి డ్రైవరే తీసుకోమని, త్రీ వుడ్‌లో ఎ పెట్టుకోమని మావయ్యగారు. నేనింకా ఒప్పుకోలేదు.