వాద్ అల్ షమాల్‌లో మబ్బు కమ్మితే డ్రమ్ము జాగ్రత్త

ముద్దనూరు థర్మల్‌లో బాయిలర్ పని చేసిన అన్నలకూ, అనంతపురం జిల్లా నాగలాపురం సోలార్ ప్లాంటులో ఎండను పట్టే అద్దాలూ, ఆ వేడిని మోసే ఆయిలూ చూసిన తమ్ముళ్లకూ ఈ నాలుగు మాటలు. ఆ రెండు పనులూ ఒకేచోట కలిసే, గ్యాసుతోనూ ఎండతోనూ కరెంటు తీసే ప్లాంటు సౌదీ ఉత్తరాన, తురైఫ్ దగ్గర వాద్ అల్ షమాల్‌లో ఉంది. మొత్తం 1,390 మెగావాట్లు, అందులో ఎండ వాటా 50. ఇలాంటిదే ఈజిప్టు కురైమత్‌లో ఉంది, 140 మెగావాట్లకు ఎండ వాటా 20. వాటా చిన్నదే గానీ పని పెట్టేది అదే.

ఈ రకం ప్లాంట్లలో గ్యాస్ టర్బైన్ పొగ దాదాపు 600 డిగ్రీలతో హెచ్ఆర్ఎస్‌జీలోకి (పొగ వేడితో ఆవిరి చేసే బాయిలర్) పోతుంది. అద్దాల దగ్గర 390 దాకా కాగిన ఆయిల్, బాయిలర్‌కు పంపే నీటిని (ఫీడ్ వాటర్) ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరికి సూపర్‌హీట్ (మరిగే వేడిని మించిన వేడి) ఎక్కించేది మళ్లీ పొగే.

మబ్బు పట్టిందంటే ఎండ ఆవిరి తగ్గుతుంది, పొగ వేడి తగ్గదు. టర్బైన్‌కు పోయే మెయిన్ స్టీమ్ టెంపరేచర్ ఎగబాకి, ఆవిరిని చల్లార్చే నీళ్ల స్ప్రే వాల్వు తెరుచుకుంటుంది. అదే సమయంలో ప్రెషర్ పడి డ్రమ్ములో (నీళ్లూ ఆవిరీ విడిపోయే పెద్ద తొట్టి) నీళ్లు బుడగలతో ఉబ్బుతాయి. పొయ్యి మీద పాలు పొంగినట్టే: లెవెల్ ఎక్కువ కనిపిస్తుంది, నీళ్లు మాత్రం పెరగలేదు. అది చూసి చేత్తో ఫీడ్ తగ్గించారా, కాసేపటికి లో లెవెల్ ట్రిప్ (నీళ్లు తగ్గి యూనిట్ ఆగిపోవడం) ఖాయం. డ్రమ్ము లెవెల్, ఆవిరి, ఫీడ్ మూడూ చూసి నడిపే త్రీ ఎలిమెంట్ కంట్రోల్‌ను ఆటోలోనే ఉంచి, స్టీమ్ ఫ్లోకు ఫీడ్ ఫ్లో సరిపోతోందా లేదా చూడండి. ఎండ తిరిగొచ్చాక అద్దాలన్నీ ఒక్కసారే ఫోకస్‌కు తేవద్దు, లూపు (ఆయిల్ ఒక చుట్టు తిరిగే అద్దాల వరుస) తర్వాత లూపు తేవాలి.

చలికాలం ఇంకో తంటా. ఈ ఆయిల్ 12 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన అనంతపురంలో అంత చలి అరుదు. తురైఫ్‌లో సున్నా కిందికి పోతుంది. అందుకే రాత్రంతా పంపు తిరగాలి, హీటరు కాయాలి. హీట్ ట్రేసింగ్ (పైపును వెచ్చగా ఉంచే తీగ) పోయిన డ్రెయిన్ లైన్లు, ప్రెషర్ మీటర్లకు పోయే ఇంపల్స్ లైన్లు ముందు బిగుసుకుంటాయి. ప్రెషర్ రీడింగ్ గంటల తరబడి కదలకపోతే అనుమానించండి. కరిగించేటప్పుడు తెరిచి ఉన్న కొస నుంచి మొదలుపెట్టండి. నడిమధ్యన కాస్తే కరిగిన ఆయిల్‌కు వ్యాకోచించే చోటు లేక పైపు పగులుతుంది.

అద్దాల ఎండ పడే ఆయిల్ పైపు, అంటే రిసీవర్ ట్యూబు, ఒక్కోటి 4 మీటర్లు. చల్లటి స్థితి నుంచి 390కి చేరేసరికి దాదాపు అంగుళం సాగుతుంది. లూపు కొసల్లోని బాల్ జాయింట్లు రోజూ ఈ సాగుడును మోస్తాయి కాబట్టి లీకు ముందు అక్కడే వెతకాలి. చుక్క కనపడకముందే పూల వాసనలాంటిది తగులుతుంది. బాగుందని దగ్గరికి పోయి పీల్చకండి. కాలంతో చెడిన ఆయిల్‌లో బెంజీన్ ఉంటుంది. గాలి ఎటు నుంచి వస్తోందో అటువైపుకు దూరంగా జరిగి, కంట్రోల్ రూముకు చెప్పి, ఆ లూపు అద్దాలను ఎండ నుంచి తిప్పించి (డీఫోకస్), ఆ తర్వాతే వాల్వుల దగ్గరికి వెళ్లండి.