పిల్లల సంగతి అడిగారు, ఎముకల సంగతి ఎవరూ అడగలేదు

డిసెంబర్‌లో, బెంగళూరులో, ఫ్యాన్ ఐదులో పెట్టుకుని, మెడంతా చెమటతో అర్ధరాత్రి లేచి కూర్చునేదాన్ని. పక్కన మా ఆయన రెండు రగ్గులు కప్పుకుని ముడుచుకునేవాడు. నాకప్పుడు 33. పీరియడ్స్ రాక ఐదు నెలలు. ఆఫీసు టెన్షన్ అనుకున్నాను, మారతహళ్లి ట్రాఫిక్ అనుకున్నాను, అనంతపురం నుంచి అమ్మేమో "నీకు రక్తం లేదు, నువ్వుల ఉండలు తినమ్మా" అంది. తిన్నాను కూడా.

మొదట చూపించుకున్న చోట పీసీఓడీ అన్నారు, ఒళ్లు తగ్గమన్నారు. రెండోచోట రక్తపరీక్ష రాశారు. ఎఫ్‌ఎస్‌హెచ్ 62, నెల తర్వాత మళ్లీ చేస్తే 71. 25 దాటితేనే ఆలోచించాలట. పిట్యూటరీ గ్రంథి అండాశయాల్ని పని చెయ్యమని పిలిచే హార్మోన్ అది, అవతల పలుకు లేకపోయేకొద్దీ గొంతు పెంచుతుంది. 40 లోపే ఇలా అయితే పీఓఐ అంటారు, అంటే అండాశయాలు ముందుగానే పని తగ్గించేయడం. క్రోమోజోములు, ఎఫ్‌ఎంఆర్1 జన్యువు, థైరాయిడ్ అన్నీ చూశారు, కారణం తేలలేదు. చాలామందికి తేలదట.

ఇక ఇంట్లో పిల్లల గొడవే. దాత అండంతో ఐవీఎఫ్ అని ఒకరు, మొక్కులని ఒకరు. నూటికి ఐదు నుంచి పదిమందికి పీఓఐ వచ్చాక కూడా మామూలుగానే గర్భం వస్తుందని డాక్టరమ్మ చెప్పారు, అండాశయం మధ్యమధ్యలో మేలుకుంటుంది కాబట్టి. అందుకే ముట్లుడగడమూ ఇదీ ఒకటి కాదు. (పిల్లలు వద్దనుకునేవాళ్లు దీనికి ఇచ్చే హార్మోన్ మందులే గర్భం రాకుండా ఆపుతాయనుకోకండి, ఆపవు.)

రోజూ తొడకి ఈస్ట్రోజెన్ జెల్, నెలకి 12 రోజులు ప్రొజెస్టరాన్ మాత్ర రాశారు. "హార్మోన్లు క్యాన్సర్ తెస్తాయి వదినా" అంది ఆడపడుచు. రెండు నెలలకే మానేశాను. పీరియడ్స్ కోసమే కదా మందులు, రాకపోతే హాయి, అనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

ఎనిమిది నెలల తర్వాత ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ తీస్తే వెన్నెముక జడ్ స్కోర్ మైనస్ 2.1. నా వయసుకి ఉండాల్సిన గట్టిదనం లేదు. డాక్టరమ్మ తిట్టలేదు. హార్మోన్లంటే క్యాన్సరని అందరూ భయపడేలా చేసిన ఆ 2002 అమెరికా అధ్యయనంలో ఆడవాళ్ల సగటు వయసు 63 అని చెప్పి, "వాళ్లకి ముట్లు ఆగిపోయాక ఇచ్చారు, నీకు ఉండాల్సింది లేదు కాబట్టి ఇస్తున్నాం" అన్నారు. మామూలుగా ఆగే వయసు, అంటే సుమారు 50 వచ్చేదాకా వాడాలి. ఎముకలకే కాదు, గుండెకి కూడా.

రెండేళ్లయింది. కుందలహళ్లి చెరువు చుట్టూ నడక, కాల్షియం, విటమిన్ డి, జెల్. స్కోర్ ఇప్పుడు మైనస్ 1.7. ఫ్యాన్ రెండులో తిరుగుతోంది. జెల్ ఆరేదాకా ఐదు నిమిషాలు కదలకుండా మంచం మీద కూర్చుంటాను, సరిగ్గా అప్పుడే అత్తయ్య "ఏమైనా విశేషమా" అని ఫోన్ చేస్తుంది. ఎత్తను. చేతికి జెల్ ఉంది కదా.