సాలూరు బాబాయ్

ఆగస్టు రెండో వారంలో మా అమ్మాయి బడి నుంచి వస్తూనే, "నాన్నా, సాలూరు బాబాయ్ గురించి స్పీచ్ ఇస్తున్నా, మిస్ సరే అన్నారు" అంది. పంద్రాగస్టుకి ఎవరైనా ఒక వీరుడి గురించి రెండు నిమిషాలు తమిళంలో మాట్లాడాలట. మొదటి పేరా అప్పటికే రాసేసుకుంది, చదివి వినిపించింది. నా తమిళం ఆటోవాళ్లతో బేరం దాటి పోదు గానీ, అందులో 'వీరమరణం' అన్న మాట మాత్రం అర్థమైంది.

వాడిది వీరమరణం కాదు.

2005లో సెలవు మీద ఇంటికెళ్లాడు. రాత్రిపూట బండి మీద వస్తూ సాలూరు ఘాట్ రోడ్డులో ఆగి ఉన్న లారీని గుద్దేశాడు. పాతికేళ్లు. వాళ్ల నాన్నది లారీల మెకానిక్ పని. ఆ ఊళ్లో చాలామందికి లారీలే బతుకుతెరువు.

పిల్లలకి ఇదంతా నేనెప్పుడూ చెప్పలేదు. "ఆర్మీలో ఉండగా పోయాడు" అనేవాణ్ణి. అందులో అబద్ధమేమీ లేదు. మిగతాది మా అమ్మాయి తనే పూరించుకుంది.

మేముండేది చెన్నైలో, ఆదంబాక్కంలో. పరంగిమలై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ ఇక్కడికి దగ్గరే. ఏటా మార్చిలోనూ సెప్టెంబరులోనూ అక్కడ పాసింగ్ ఔట్ పెరేడ్ ఉంటుంది. 2002 సెప్టెంబరులో వాడూ నేనూ అక్కడి నుంచే ఆఫీసర్లమై బయటికొచ్చాం. నేను ఐదేళ్ల షార్ట్ సర్వీసు ముగించి ఇదే ఊళ్లో ఉద్యోగం చూసుకున్నాను. పిల్లలకి చెన్నైయే సొంతూరు, ఒంగోలు వేసవి సెలవుల ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చదువు ఇంగ్లిష్. తెలుగు అక్షరాలు ప్రతి వేసవిలో మొదలుపెడతాం, 'క' గుణింతం దగ్గరే మామిడిపళ్లు అయిపోతాయి.

అకాడమీలో మా కంపెనీలో, అంటే మా దళంలో, తెలుగువాళ్లం ఇద్దరమే. డ్రిల్ నేర్పే ఉస్తాద్‌లకి మా ఇంటిపేర్లు నోరు తిరిగేవి కావు, అందుకని వాడు సాలూరు, నేను ఒంగోలు. (ఒంగోలంటే గిత్తలని ఎవడో పుల్ల వేశాడు. ఇక అక్కణ్ణుంచి వెళ్లిపోయేదాకా కొమ్ములేవీ అని అడుగుతూనే ఉన్నారు.) నాకు డ్రిల్ వచ్చేది కాదు. 'పీఛే ముడ్', అంటే వెనక్కి తిరుగు, అనగానే కాళ్లు ముడిపడిపోయేవి. లైట్స్ ఔట్ అయ్యాక బాత్రూముల ముందు వసారాలో బనీను మీద, బూట్లతో నన్ను నిలబెట్టి వాడు నేర్పేవాడు. "ఒరే ఒంగోలు, లోడు బండిని స్పీడులో తిప్పుతావేటిరా? ముందు బ్రేకు. ఆపైన గేరు. ఆపైన స్టీరింగు." గొంతు తగ్గించి "బ్రేకూ, గేరూ, స్టీరింగూ" అని వాడు లెక్కపెడుతుంటే నేను తిరిగేవాణ్ణి. నేను టెస్టు పాసైంది ఆ లెక్కతోనే. ఇప్పటికీ మెట్రో స్టేషన్లో ఎవరైనా వెనక నుంచి పిలిస్తే నా కాళ్లు ముందు బ్రేకు వేస్తాయి.

పెరేడ్‌కి వాళ్లమ్మ వచ్చింది. భుజాల మీద నక్షత్రాలు అమ్మానాన్నలే పెడతారు, లెఫ్టినెంట్‌కి ఒక్కో భుజానికి రెండు. ఆవిడ చేతులు వణికి, ఒక నక్షత్రం వెనకుండే పిన్ను జారి గడ్డిలో పడిపోయింది. మేమందరం వంగి వెతుకుతున్నాం. ఆవిడ తాపీగా గాజుకి తగిలించుకున్న పిన్నీసు ఒకటి తీసి, పళ్లతో కొంచెం సాగదీసి, నక్షత్రం వెనక దూర్చి బిగించేసింది. రెండు రోజుల దాకా వాడు దాన్ని మార్చలేదు.

ఆ సాయంత్రం అమ్మాయిని కూర్చోబెట్టి ఘాట్ రోడ్డు సంగతి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "మరి ఇన్నాళ్లూ ఎందుకలా చెప్పావు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మాట మారుద్దామని మేజర్ రామస్వామి పరమేశ్వరన్ గురించి మాట్లాడమన్నాను. ఆయన అదే అకాడమీ నుంచి 1972లో వచ్చిన ఆఫీసరు. 1987 నవంబరు 25న శ్రీలంకలో ఛాతీలో తూటా దిగాక కూడా, కాల్చినవాడి రైఫిలే లాక్కుని వాణ్ణి కాల్చి, ప్రాణం పోయేదాకా తనవాళ్లకి ఆర్డర్లు ఇస్తూనే ఉన్నారు. పరమవీర చక్ర ఇచ్చారు. మేం బ్రేకూ గేరూ పరీక్ష పెట్టించుకున్న డ్రిల్ స్క్వేర్‌కి ఆయన పేరే.

"ఆయన గురించి క్లాసులో నలుగురు చెప్తున్నారు నాన్నా" అంది. "నేను బాబాయ్ గురించే చెప్తా. వీరుడు అనకుండా చెప్తా."

అలా అయితే నా కథలు చాలవనిపించి సాలూరులో వాడి అమ్మకి ఫోన్ కలిపాను. ఏడాదికి రెండుసార్లు చేస్తాను, రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తాను. వీళ్లిద్దరూ నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. మధ్యలో మా అమ్మాయి ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "బాబాయ్‌ని గుంట గుంట అంటున్నారేంటి? గోతిలో పడ్డారా?" అని గుసగుసగా అడిగింది. గుంటడంటే కుర్రాడని చెప్పాను. "నన్నూ గుంటే అన్నారు" అంది, ముఖం వెలిగిపోయింది.

స్పీకర్లో ఆవిడ గొంతు వినపడుతోంది. "మా గుంటడు ఒక్క దగ్గర కూకునేవోడు కాదమ్మా. ఉత్తరాలు మాత్రం బాగా రాసీవోడు. మీ నాన్న గురించి కూడా ఉంటాది అందులో. నాకిప్పుడు కళ్లు ఆనట్లేదు. పంపీమంటావేటి? చదివి నాకు ఫోన్లో వినిపిద్దువు గాని. తెలుగు చదవడం వచ్చు కదేటి?"

మా అమ్మాయి నా వైపు చూసింది.

"వచ్చు మామ్మగారూ" అంది.

ఫోన్ పెట్టేసి కాసేపు ఊరుకుని, "నాన్నా, సాలూరు నుంచి పోస్టు రావడానికి ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగింది.