రెండో బొమ్మ ఎవరు కొంటారు?

చిత్రకారుడి మొదటి బొమ్మ ఎవరైనా కొంటారు. మేనమామ కొంటాడు, చదువు చెప్పిన మాస్టారు కొంటారు, ఎదురింటివాళ్ళు మొహమాటానికి కొంటారు. అదే మనిషి ఏడాది తిరిగాక ఫోన్ చేసి "కొత్తగా ఏం వేశారండీ?" అని అడిగితే అసలు సంగతి అక్కడ మొదలవుతుంది. రెండోది కొన్నవాళ్ళే బొమ్మలు సేకరించేవాళ్ళు. అలాంటివాళ్ళు పాతికమంది ఉంటే గోదావరి జిల్లాల్లో ఒక చిత్రకారుడు నిలదొక్కుకోవచ్చు. అందుకని ధర, ఫ్రేము, రసీదు, ఫోటో, చివరికి మేకు కూడా ఆ రెండో బొమ్మను దృష్టిలో పెట్టుకుని చూసుకోవాలి.

అలా కొనేవాళ్ళు ఎక్కడో బొంబాయిలో ఉంటారనుకోవడం మన వైపు చాలామంది చేసే పొరపాటు. చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) గారిని ముందు గుర్తించింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు గారు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్ళారు. బొమ్మ విలువ తెలిసిన మనిషి ఊళ్ళోనే, వేరే ఉద్యోగంలో ఉన్నాడు. ఇప్పుడూ అంతే. కాకినాడ, రాజమండ్రి డాక్టర్లు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల రైతులు, తణుకు, మండపేట మిల్లర్లు, కడియం నర్సరీలవాళ్ళు, దిండి వైపు రిసార్టులవాళ్ళు, గల్ఫ్‌లోనో అమెరికాలోనో పిల్లలున్న కోనసీమ కుటుంబాలు: అందరికీ గోడలున్నాయి. వాళ్ళలో ఎక్కువమంది బొమ్మలు వేసే మనిషితో ఒక్కసారి కూడా మాట్లాడి ఉండరు.

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని 60 పేర్లు రాయండి. పేరు పక్కన నాలుగు గళ్ళు: ఊరు, మనకి వాళ్ళని పరిచయం చేయగలిగే మనిషి, ఇల్లు ఏ దశలో ఉంది (కడుతున్నారా, రంగులు వేస్తున్నారా, చేరిపోయారా), ఇంట్లో ఇప్పుడు గోడకి ఏముంది. రెండో గడి ఖాళీగా ఉన్న పేర్లని పక్కన పెట్టేయండి. పరిచయం లేకుండా ఫోటోలు పంపితే మన జిల్లాల్లో ఎవరూ కొనరు. మిగిలినవాళ్ళలో ఇల్లు రంగుల దశలో ఉన్నవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళాలి. గృహప్రవేశం అయిపోయాక వెళ్తే ఆ గోడ మీద అప్పటికే గడియారమో, ఆన్‌లైన్లో తెప్పించిన ప్రింటో ఉంటుంది. దాన్ని తీయించడం చాలా కష్టం. ముహూర్తానికి రెండు మూడు నెలల ముందు, ఫాల్స్ సీలింగ్ లైట్లు ఇంకా బిగించకముందు ఇంటీరియర్ చేసేవాళ్ళని కలిస్తే బొమ్మ మీద పడేలా ఒక లైటు పాయింటు కూడా పెట్టించుకోవచ్చు.

అమ్మకాలకి పంచాంగం చూసుకోవాలి. ఆషాఢం, పుష్యం నెలల్లో గృహప్రవేశాలుండవు. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం మంచి కాలం. ఆ నెలలకి సరుకు తయారుగా ఉండాలంటే ఆషాఢమంతా పనిచేసే నెల. సంక్రాంతి లెక్క వేరు. ముహూర్తాలు లేకపోయినా విదేశాల్లో ఉన్నవాళ్ళంతా అప్పుడే ఊళ్ళో ఉంటారు, పైగా తాతగారి ఇల్లు, కాలవ గట్టు, కొబ్బరి తోట కళ్ళముందే ఉంటాయి. జనవరి 10 నుంచి 18 వరకు ఇంటి ముందు గదిలో, లేదంటే తెలిసినవాళ్ళ మండువాలో పదిహేను బొమ్మలు పెట్టి పిలవండి. కోడిపందాలు జరిగే మూడు రోజులూ మధ్యాహ్నం ఎవరూ రారు. ఉదయం 9 నుంచి 11 వరకు, సాయంత్రం దీపాలు పెట్టాక రమ్మని చెప్పాలి.

విమానంలో వెళ్ళేవాళ్ళకి సైజే ముఖ్యం. చాలా విమాన సంస్థలు చెక్-ఇన్ సామానుకి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 62 అంగుళాల పరిమితి పెడతాయి. 40 అంగుళాల పొడవు, 6 అంగుళాల వ్యాసం ఉన్న పీవీసీ పైపు 52 దగ్గర ఆగుతుంది, 36 అంగుళాల కాన్వాస్ అందులో పడుతుంది. చట్రం విప్పి, రంగు బయటివైపు ఉండేలా చుట్టాలి. లోపలివైపుకి చుడితే రంగు పొర నలిగి లేస్తుంది. 3 అంగుళాల పైపులో బిగించి చుడితే పగులుతుంది. రంగు మీద బటర్ పేపర్ వేయాలి. బబుల్ ర్యాప్ నేరుగా తగిలితే ఎండకి బుడగల గుర్తులు పడతాయి, అవి పోవు. పాలెట్ నైఫ్‌తో మందంగా వేసిన ఆయిల్ బొమ్మని అసలు చుట్టకూడదు. అలాంటివి 12×16 అంగుళాల లోపు వేస్తే రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య సూట్‌కేసులో పెట్టుకుపోతారు. కస్టమ్స్ వాళ్ళు అడిగితే చూపించడానికి బొమ్మ వేసిన సంవత్సరం ఉన్న బిల్లు చేతిలో పెట్టండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన బొమ్మల్ని దేశం దాటించడానికి వీల్లేదు. మనది నిన్నటి బొమ్మేనని ఆ బిల్లే చెప్పాలి.

ఇక్కడే ఉండేవాళ్ళకి గోడ కొలతలు మనమే తీసి చెప్పాలి. 7 అడుగుల సోఫా పైన బొమ్మ వెడల్పు దాదాపు మూడింట రెండు వంతులు, అంటే 54–58 అంగుళాలు ఉంటే కుదురుతుంది. సోఫాకి 6–8 అంగుళాల పైన మొదలవ్వాలి. మనవాళ్ళు దేవుడి పటంలా పైకి, దాదాపు సీలింగ్ దగ్గరికి కడతారు. అక్కడ ఎవరూ చూడరు, చూడని బొమ్మకి రెండోది తోడు రాదు. వాస్తు అడుగుతారు, వాదించవద్దు. నీళ్ళున్న బొమ్మ ఈశాన్యం వైపు కావాలంటే గోదావరి బొమ్మ చూపించండి. ఏడు గుర్రాలు వేయమంటే వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా మాటకొస్తే, కింద మన సంతకం పెట్టుకోడానికి ఇష్టపడని బొమ్మ అమ్మకూడదు.

ధర దగ్గర చాలామంది తడబడతారు. చదరపు అంగుళానికి ఇంత అని లెక్క కడితే చిన్న బొమ్మ మరీ చవకైపోతుంది, పెద్దది చేతికందదు. చదరపు అంగుళం 15 రూపాయల చొప్పున 12×16 బొమ్మ 2,880 అవుతుంది, 36×48 అయితే 25,920. పొడవు, వెడల్పు కూడి లెక్కిస్తే సమంగా ఉంటుంది. అంగుళం 220 చొప్పున 12×16 (28 అంగుళాలు) 6,160, 24×36 (60 అంగుళాలు) 13,200, 36×48 (84 అంగుళాలు) 18,480. ఫ్రేము వేరే. మీ రేటు ఎంతైనా పద్ధతి ఒకటే ఉండాలి. గ్యాలరీ 40 శాతం తీసుకుంటే 13,200లో మీకు మిగిలేది 7,920. ఆ డబ్బుతో గిట్టేలా మొదటి రోజే రేటు పెట్టుకోవాలి. ఇంటి దగ్గర తక్కువకీ, గ్యాలరీలో ఎక్కువకీ అమ్మితే నెలలో తెలిసిపోతుంది, గ్యాలరీవాళ్ళు మళ్ళీ పిలవరు, ముందు కొన్నవాళ్ళు మోసపోయామనుకుంటారు. ఏటా ఉగాదికి 10 శాతం పెంచండి, ఆ రేటు ఎప్పుడూ తగ్గించకండి. పాత బొమ్మ విలువ పెరుగుతోందన్న నమ్మకమే రెండోది కొనిపిస్తుంది.

మరి బేరం? బేరమాడకుండా మన వైపు కొబ్బరికాయ కూడా కొనరు. మొదటి బొమ్మకి ధర కదలకుండా, ఫ్రేము మన ఖర్చుతో కట్టించడమో, ఇంటికి తెచ్చి బిగించడమో ఒప్పుకోండి. తగ్గింపు 10 శాతం ఉంచుకోండి, కానీ రెండో బొమ్మ నుంచి మాత్రమే. ఆ మాట మొదటి రోజే చెప్పండి.

రెండో బొమ్మ అమ్మకాన్ని మన దగ్గర ఎక్కువగా చెడగొట్టేది వాన. కొన్న ఏడాదికే వెనక బూజు పట్టి, ఫ్రేము ఉబ్బి, మూలలు విడిపోతే ఆ ఇంట్లోకి ఇంకో బొమ్మ వెళ్ళదు. కాలవల నేల, రోజుల తరబడి ముసురు, సముద్రం వైపు ఉప్పుగాలి: వీటికి తగ్గట్టు కట్టాలి. చవక ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన) ఫ్రేము తేమ పీల్చి ఉబ్బుతుంది. టేకు వాడండి, కుదరకపోతే ఫైబర్ బీడింగ్ నయం. వెనక హార్డ్‌బోర్డుకి చెద పడుతుంది, దాని బదులు పలచని ప్లాస్టిక్ కార్రుగేటెడ్ షీటు వేసి గాలాడేందుకు పైనా కిందా రెండు చిన్న రంధ్రాలు ఉంచండి. నాలుగు మూలలా 5–6 మిల్లీమీటర్ల రబ్బరు బుడిపెలు అతికిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి తిరుగుతుంది. బూజు పట్టేది ఎక్కువగా ఆ సందు లేకపోవడం వల్లే. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్ళకి ఇనుప మేకులు, మామూలు స్టేపుల్ పిన్నులు వద్దు, తుప్పు కాన్వాస్‌లోకి దిగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. నీటిరంగుల బొమ్మ అద్దానికి అంటుకోకుండా మధ్యలో యాసిడ్ లేని మౌంటు (బొమ్మ చుట్టూ వేసే మందపాటి అట్ట) తప్పనిసరి. వర్షపు జల్లు తగిలే బయటిగోడకి లోపలివైపు ఏ బొమ్మా కట్టనివ్వకండి, వేరే గోడ చూపించండి. ఆయిల్ బొమ్మకి వార్నిష్ కనీసం ఆరు నెలలాగి వేయాలి. ఈలోపు అమ్మితే "ఫలానా నెలలో వచ్చి వార్నిష్ వేసి వెళ్తాను" అని బిల్లు మీదే రాసివ్వండి. అది ఇంకోసారి ఆ ఇంటికి వెళ్ళే దారి కూడా.

బిల్లుతో పాటు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి: బొమ్మ పేరు, వరస నంబరు (సంవత్సరంతో కలిపి), సైజు, ఏ రంగులు, దేని మీద, తేదీ, సంతకం, చిన్న ఫోటో. అదే నంబరు కాన్వాస్ వెనక కూడా ఉండాలి. కింద ఒక వాక్యం: "ఈ చిత్రం కాపీరైటు చిత్రకారునిదే." 1957 కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైటు పోదు, కొన్నవాళ్ళు దాన్ని క్యాలెండరు వేయించడానికి మన అనుమతి కావాలి. కానీ డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద వేసిన చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైటు వేయించుకున్నవాళ్ళదే. తల్లిదండ్రుల పటాలు వేయించుకునేవాళ్ళు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఇది తెలిసి ఉండాలి. ఆ పనులకి సగం ముందు తీసుకోండి, పెన్సిల్ స్కెచ్ ఒప్పుకున్నాక 25 శాతం, ఇచ్చేటప్పుడు మిగిలింది. మార్పులు రెండుసార్లే అని ముందే రాసుకోండి. లేకపోతే పెద్దబ్బాయి ఒప్పుకున్న ముక్కు చిన్నబ్బాయికి నచ్చదు.

ఫోటో ఉదయం 8 నుంచి 10 మధ్య వరండా నీడలో తీయండి. ఫ్లాష్ వద్దు. ఫోన్ బొమ్మ మధ్యకి సమానమైన ఎత్తులో పెట్టి, వెనక్కి జరిగి 2 రెట్లు జూమ్ చేస్తే అంచులు వంగవు. మొత్తం ఒకటి, దగ్గరగా ఒకటి, కుర్చీ పక్కన గోడకి ఒకటి, మూడు చాలు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకు పెట్టొచ్చు, కానీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ చేరుతుంది. కాబట్టి కలిసిన రోజే నంబరు సేవ్ చేయించండి. నెలకి ఒక్క బొమ్మే పంపండి, ధరతో సహా. "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాస్తే, ఎక్కువేమోనని భయపడి సగంమంది అడగనే అడగరు.

బయటి ఊళ్ళకి వెళ్ళాలనుకుంటే ముందు బెంగళూరు చిత్రసంతె. కర్ణాటక చిత్రకళా పరిషత్ జనవరిలో ఒక ఆదివారం కుమారకృప రోడ్డు మీద పెడుతుంది, నెలల ముందే దరఖాస్తు చేయాలి. అక్కడ జనం చేత్తో పట్టుకుపోయేవి కొంటారు, చిన్నవి తీసుకెళ్ళండి. హైదరాబాద్ మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో హాలు అద్దెకి దొరుకుతుంది. గ్యాలరీకి బొమ్మలిచ్చేటప్పుడు కాగితం మీద నాలుగు విషయాలు ఉండాలి: కమిషన్ ఎంత, ఎన్నాళ్ళు ఉంచుకుంటారు, రవాణా, నష్టం ఎవరివి, అమ్మిన ఎన్ని రోజుల్లో డబ్బిస్తారు. ఎవరు కొన్నారో మీకు చెబుతారా అన్నది ఐదోది. అది అన్నిటికంటే విలువైనది, చాలామంది అడగరు. జీఎస్టీ సంగతి వేరే రాష్ట్రానికి అమ్మే ముందే ఆడిటర్‌ని అడిగి తెలుసుకోండి.

2027 గోదావరి పుష్కరాలకి జనం బాగా వస్తారు. వాళ్ళు అసలు బొమ్మ కొనరు, మంచి కాగితం మీద నంబరు వేసిన ప్రింటు కొంటారు. 25 కాపీలే అని చెబితే 25తో ఆపాలి. ఇరవయ్యారోది వేస్తే ముందు కొన్న పాతికమంది నమ్మకం పోతుంది.

మోసాలు రెండు మూడు రకాలుగా వస్తున్నాయి. "మా ఆవిడ మీ బొమ్మలు చూసింది, ఐదూ కావాలి" అని పరదేశం నుంచి మెయిల్, ఎక్కువ సొమ్ముకి చెక్కు, మిగతాది తిరిగి పంపమని ఒత్తిడి. మిలటరీ అధికారినంటూ ఫోన్ చేసి "ఈ క్యూఆర్ స్కాన్ చేయండి, డబ్బు పడుతుంది" అనడం. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఇక ప్రవేశ రుసుము కట్టించుకుని అందరికీ అవార్డులిచ్చే పోటీలు. ఆ అవార్డు చూసి బొమ్మ కొనేవాళ్ళుండరు.

అమ్మిన ప్రతి బొమ్మకీ అదే లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీ ఉంచండి: ఎవరు, ఎప్పుడు, ఎంతకి, ఏ గోడకి, ఇంట్లో ఎవరు ఎంచుకున్నారు. ఆఖరిది ముఖ్యం. రెండో బొమ్మ మాట వచ్చినప్పుడు ఆ మనిషితోనే మాట్లాడాలి, చాలా ఇళ్ళలో అది ఆ ఇంటి అమ్మగారు. కార్తీకంలో వానలు వెనకబట్టాక ముందే ఫోన్ చేసి ఆ ఇళ్ళకి ఒకసారి వెళ్ళండి. సంచిలో స్క్రూడ్రైవరు, పొడి నూలుగుడ్డ, నాలుగు కొత్త రబ్బరు బుడిపెలు, రెండు స్టీలు మేకులు చాలు. బొమ్మ దించి, వెనక తుడిచి, బుడిపెలు మార్చి, మళ్ళీ సరిగ్గా తగిలించండి. ఆ రోజు అమ్మడానికి ఏ బొమ్మా వెంట తీసుకెళ్ళకండి, ఫోన్‌లో ఫోటోలు కూడా వాళ్ళు అడిగితేనే తీయండి.