ఫీజు లేని బోర్డు పని

ఎంబీఏ పిల్లలకి స్ట్రాటజీ చెప్తూ పక్కన కన్సల్టింగ్ చేసుకునే రోజుల్లో నా పని సులువే, స్పిన్నింగ్ మిల్లు వాళ్లు పిలిస్తే వెళ్లి ఓ నలభై స్లైడ్లు చూపించి చెక్కు తీసుకుని వచ్చేయడమే, చెప్పింది చేశారా లేదా అన్నది మన తలనొప్పి కాదు. (సగం మంది చేయలేదు లెండి.)

తర్వాత ఒక ఎన్జీవో వాళ్లు "సార్, మీరు బోర్డులో ఉంటే చాలు" అన్నారు, ఆ "చాలు"కే పడిపోయా. మొదటి మీటింగులో మిర్చి బజ్జీలొచ్చాయి, టీ వచ్చింది, లెక్కలు మాత్రం రాలేదు. చివర్లో మినిట్స్ బుక్ ముందు పెట్టి పెన్సిల్ టిక్కు ఉన్న చోట సంతకం పెట్టమన్నారు, చూస్తే అసలు మేం మాట్లాడనే మాట్లాడని తీర్మానాలు రెండు అప్పటికే రాసేసి ఉన్నాయి! పెట్టలేదు. ఫౌండర్ గారి మొహం మాడిపోయింది.

సెక్షన్ 8 కంపెనీలో, అంటే ఇలా సేవ కోసం పెట్టే కంపెనీలో, లాభం పంచుకోకూడదని అందరికీ తెలుసు, కానీ డైరెక్టర్‌గా బాధ్యత మామూలు కంపెనీలో లాగే ఉంటుందని ఎవరికీ పట్టదు. పైగా 2020లో ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) మార్చాక విదేశీ డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచికే రావాలి, ఆఫీసు ఖర్చుల లిమిట్ 50 శాతం నుంచి 20కి దిగింది, ఆ డబ్బు ఇంకో ఎన్జీవోకి ఇవ్వడం కూడా కుదరదు. స్కూలు టీచర్ జీతం ఆ 20లోకి రాదు, అకౌంటెంటుది వస్తుంది, మరి పొద్దున పాఠం చెప్పి మధ్యాహ్నం బిల్లులు రాసే అమ్మాయిది ఏ పద్దులో వేయాలి? దీని మీదే మొన్న రెండు గంటలు కొట్టుకున్నాం, బజ్జీలు చల్లారిపోయాయి.