ఆ ఏటి అడుగు ఇంకొకరిది

కాలిఫోర్నియాలో నెవాడా సిటీ అనే ఊరు దాటాక 49వ నంబరు రోడ్డు మలుపులు తిరిగి తిరిగి నార్త్ యూబా నది పక్కకి చేరుతుంది. డౌనీవిల్ ఇంకా కొంత దూరం ఉందనగా కారు ఆపి నీళ్లలోకి దిగబోతుంటే మా అమ్మాయి ఒక పైన్ చెట్టు దగ్గర ఆగిపోయింది. "నాన్నా, ఇక్కడేదో రాసుంది." చెట్టుకి మేకులతో కొట్టిన చెక్క, దాని కింద ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో మడతపెట్టిన కాగితం. ఇది ప్లేసర్ మైనింగ్ క్లెయిమ్ అనీ, అంటే ఈ ఏటి ఇసుకలో బంగారం తీసుకునే హక్కు ఒకరి పేరున ఉందనీ, ఇక్కడ వేరేవాళ్లు బంగారం తీయకూడదనీ చెక్క మీద ఉంది. చుట్టూ ఉన్నది తహో నేషనల్ ఫారెస్ట్, అంటే ప్రభుత్వ అడవి. ప్రభుత్వ అడవిలో పారే ఏటిని ఒక మనిషి నాదని బోర్డు ఎలా పెట్టుకుంటాడు? నాకు చాలా కోపం వచ్చింది.

అంతకుముందు కొలోమాలో పడ్డ చిరాకు కూడా ఆ కోపంలో కలిసుంది. కాలిఫోర్నియాలో నాలుగో తరగతి పిల్లలకి గోల్డ్ రష్, అంటే బంగారం కోసం జనం ఎగబడిన కాలం, పాఠం ఉంటుంది, అందుకే ఈ ప్రయాణం. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్ రంపపు మిల్లు కాలువలో బంగారం చూసిన చోటు కొలోమా. పార్కింగ్‌కి డబ్బు కట్టాం, ఇసుక కడిగి బంగారం వెతికే ఒక ప్లాస్టిక్ పళ్లేనికి పాతిక డాలర్లు పోశాం. తీరా చూస్తే ఆ పార్కులో చేతులూ పళ్లెమూ తప్ప చిన్న పార కూడా వాడకూడదట, అదీ వాళ్లు చూపించిన ఒడ్డునే. జనం మధ్య చోటు దొరక్క పళ్లెం తడవకుండానే బయల్దేరాం. యూబా దగ్గరైనా పిల్ల ముచ్చట తీరుతుందనుకుంటే ఇక్కడ ఈ బోర్డు.

అంతలో ఒక పాత పికప్ వచ్చి మా కారు వెనక ఆగింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. క్లెయిమ్ ఆయనదే. గొడవ తప్పదనుకుని నేను ముందే గొంతు పెంచబోయాను. ఆయన మా అన్నం డబ్బాలు చూసి, "నీడలో కూర్చుని తినండి, ఈత కొట్టండి, లైసెన్సు ఉంటే చేపలు పట్టండి, మిమ్మల్ని ఆపే హక్కు నాకు లేదు. పళ్లెం మాత్రం పెట్టకండి" అన్నాడు. నేల ప్రభుత్వానిదే, నేలలోని బంగారం మటుకు ఆయనది. 1955 తర్వాత వేసిన క్లెయిముల్లో పైనేల మీద జనానికి ఉన్న దారి పోదు. ఇదంతా ఆయన పులిహోర తింటూ చెప్పాడు. మధ్యాహ్నం అక్కడే గడిచిపోయింది, డౌనీవిల్ చూడనే లేదు.

ఆయన మాటల్లో నాకు అన్నిటికంటే వింతగా తోచింది ఆ పద్ధతి మామూలు మనిషి చేతికి అందేలా ఉండటం. అమెరికా గనుల చట్టం 1872 నాటిది. ఖాళీగా ఉన్న ప్రభుత్వ భూమిలో ఖనిజం కనపడితే, ఎవరి అనుమతీ అడగకుండా నోటీసు రాసి అక్కడే పెట్టి, హద్దులు గుర్తించి, 90 రోజుల్లోపు కౌంటీ ఆఫీసులోనూ ఫెడరల్ భూముల శాఖ బీఎల్ఎమ్‌లోనూ నమోదు చేయించుకోవాలి. ఏటి ఇసుకలో దొరికే బంగారానికైతే మనిషికి 20 ఎకరాల వరకు. ఎనిమిది మంది కలిస్తే 160. రాతిలో పట్టీలుగా ఉండే బంగారానికి 1500 అడుగుల పొడవు, 600 అడుగుల వెడల్పు. కాగితం ఉన్నంత మాత్రాన సరిపోదు, తెలివైన మనిషి తన డబ్బూ శ్రమా పెట్టేంత ఖనిజం నిజంగా ఉండాలి. పూర్వం ఇసుక క్లెయిముకి ఎకరానికి రెండున్నర డాలర్లు, రాతి క్లెయిముకి ఐదు డాలర్లు కట్టి ఆ నేలని సొంతానికే రాయించుకునేవాళ్లు. 1994 నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు.

ఇక ఒక్కో క్లెయిమ్‌కి ఏటేటా కట్టే ఫీజు. 165 డాలర్లు ఉండేదల్లా ఇప్పుడు 200 అయిందని ఆయన చాలాసేపు బాధపడ్డాడు. పది క్లెయిములకు మించి లేని చిన్నవాళ్లు ఆ ఫీజుకి బదులు ఒక్కో క్లెయిమ్‌లో ఏడాదికి 100 డాలర్ల విలువైన పని చేసి, చేశామని ప్రమాణపత్రం ఇవ్వొచ్చు. ఆయన చేసేది అదే. గడువు దాటితే మాత్రం అంతా పోతుంది. నెవాడాలో ఒక కుటుంబం డిసెంబర్ 30కి ఇవ్వాల్సిన కాగితం 31న ఇచ్చింది. ఆ ఒక్క రోజుకి పది క్లెయిములు పోయాయి, 1985లో సుప్రీంకోర్టు కూడా పోయినట్టేనంది. గ్రీన్ కార్డు వరస ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా చూసుకుంటూ, ఒక తేదీ తప్పితే ఏమవుతుందోనని టెన్షన్ పడే మాకు ఆ కుటుంబం బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

"మీరూ ఒకటి వేసుకోండి, పైన ఖాళీలు ఉన్నాయి" అన్నాడు. నిజంగానే ఆశ పుట్టింది. అప్పుడు ఆయనే అడిగాడు, సిటిజన్‌వేనా అని. కాదు, హెచ్-వన్ ఉద్యోగ వీసా అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు పాపం. క్లెయిమ్ వేయాలంటే అమెరికా పౌరుడై ఉండాలి, లేదా పౌరుడిని అవుతానని అధికారికంగా ప్రకటించి ఉండాలి. గ్రీన్ కార్డు లేకుండా ఆ ప్రకటన ఇవ్వడానికి లేదు. కానీ ఇక్కడ రిజిస్టరైన కంపెనీ అయితే యజమానులు ఏ దేశం వాళ్లైనా ఫర్వాలేదు. నెవాడాలో కెనడా గనుల కంపెనీలు అలాగే తవ్వుతున్నాయి. ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి పన్ను కట్టే మనిషికి ఒక ఏటి వంపు మీద లేని హక్కు, కంపెనీ పేరుకి ఉంది. ఇది అన్యాయం. ఆ మాట ఆయనతోనే అన్నాను, ఆయన కాదనలేదు.

కొలోమాలో రెండు చైనా వాళ్ల కొట్లు అలాగే నిలబెట్టారు. గోల్డ్ రష్‌కి వచ్చిన పరాయి దేశాల వాళ్ల మీద కాలిఫోర్నియా 1850లో నెలకి 20 డాలర్ల పన్ను వేసింది. మరుసటి ఏడు తీసేసి, 1852లో మూడు డాలర్లతో మళ్లీ పెట్టింది. ఆ రెండోసారి బరువంతా చైనా వాళ్ల మీదే పడింది. పొద్దున ఆ కొట్లు చూసినప్పుడు ఫొటో తీసుకుని వచ్చేశాను. యూబా ఒడ్డున కూర్చున్నాక మాత్రం ఆ మనుషులు గుర్తొచ్చారు.

మాది కర్నూలు జిల్లా పత్తికొండ వైపు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం దిగుతారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, గుడి అరుగుల మీద పడుకుని, పొద్దస్తమానం వంగి ఎర్రమట్టి వెతుకుతారు. విత్తనం పడ్డ చేలోకి రైతు రానివ్వడు, రానివ్వకూడదు కూడా. దొరికినవాడు పక్కవాడికి చెప్పకుండా రాత్రికి రాత్రి వ్యాపారి దగ్గరికి పరుగు. వాడిచ్చిందే ధర. దొరికినవాడి పేరున ఒక్క కాగితం ముక్క ఉండదు. బంగారమైతే మన దగ్గర 2015 నుంచి గనులు వేలంలోనే ఇస్తారు, కూలివాడు వేలానికి ఎక్కడ వెళ్తాడు? చిన్నప్పుడు ఆ చేలల్లో వెతికిన నాకు, చెట్టుకి వేలాడే డబ్బాలో ఒక మామూలు మనిషి హక్కు కాగితమై ఉండటం చూస్తే అసూయే కలిగింది. 1872 నాటి చట్టం గనుల కంపెనీలకి కట్టబెట్టింది చాలా ఎక్కువ. ఫెడరల్ భూమిలో బంగారం తవ్వుకుని రాయల్టీ, అంటే తవ్విన దాంట్లో ప్రభుత్వ వాటా, ఒక్క డాలరూ కట్టరు, అది మారాల్సిందే. ఈ పికప్ ముసలాయనకిచ్చిన హక్కు మాత్రం తీసేయకూడదు.

ఆయనకీ కష్టాలున్నాయి. నీటి అడుగు నుంచి ఇసుక పీల్చే డ్రెడ్జ్ యంత్రాన్ని కాలిఫోర్నియా 2009లో ఆపేసింది, ఆయనది షెడ్డులో తుప్పు పడుతోంది. పాతకాలం వాళ్లు బంగారం పట్టడానికి పోసిన పాదరసం ఇంకా ఏటి అడుగున ఉంది, యంత్రం పెడితే పైకి లేస్తుంది. నిషేధం సరైనదే అనిపించింది నాకు, ఆయనకి అనిపించలేదు.

వెళ్లేముందు మా అమ్మాయి ఎక్కడ పుట్టిందని అడిగాడు. ఫ్రీమాంట్ అంది. "అయితే నువ్వు వేయొచ్చు" అన్నాడు. ఊహ తెలిసిన పిల్లలైతే మైనర్లకీ కుదురుతుందట. తన క్లెయిమ్ హద్దు ఎక్కడ ముగుస్తుందో నడిచి చూపించాడు. ఆ పై వంపు ఖాళీ, పళ్లెం పెట్టుకోమన్నాడు. రెండు గంటలు కడిగితే నల్ల ఇసుకలో ఆవగింజలో సగం లేని రేకు ఒకటి మెరిసింది. దాన్ని టేపుకి అంటించి నోట్‌బుక్‌లో పెట్టుకుంది.

ఆ వైపు వెళ్లేవాళ్లు పెట్రోలు గ్రాస్ వ్యాలీలోనే నింపుకోండి, పైకి వెళ్లేకొద్దీ బంకులూ తక్కువే, ధరా మండుతుంది. ఏటిలో ఏ ముక్క ఎవరిదో బీఎల్ఎమ్ రికార్డుల్లో ముందురోజే చూసుకోండి. చెట్టు మీద బోర్డు లేనంత మాత్రాన అది ఖాళీ అని కాదు.